పాత మోటారు సైకిలు, బొమ్మ విమానం: రెండూ బడులే

పాత రాజ్‌దూత్ బండిని వాకిట్లో విప్పి పెట్టుకుని కూర్చున్న కుర్రవాణ్ణి చూస్తే ఇంట్లో పెద్దలకు కోపం వస్తుంది. అదే కుర్రవాడు పొద్దువాలగానే చెక్కముక్కలు, కాగితం, జిగురు ముందేసుకుని చిన్న విమానం చేయడానికి కూర్చుంటే ఆ కోపం రెట్టింపవుతుంది. "ఈ బొమ్మలాటలు కూడు పెడతాయా?" అన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా వుంది. ఆ జవాబును పెద్దల ముందుంచడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

పాత మోటారు సైకిళ్ళ మీద మోజున్నవారిలో కొందరికి చిన్న విమానాలు చేసి ఎగరేసే సరదా కూడా వుంటుంది. పైకి రెండింటికీ సంబంధం లేనట్టు కనిపిస్తుంది. ఒకటి నేలమీద నడిచేది, రెండవది గాలిలో ఎగిరేది. కాని లోపల చూస్తే రెండూ అన్నదమ్ములు.

రాజ్‌దూత్, జావా, ఎజ్డి బండ్లు రెండు స్ట్రోకుల యంత్రాలతో నడిచేవి. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయేసరికి పని పూర్తవుతుంది. వాల్వులుండవు. సిలిండరు గోడకు వున్న కంతలే తలుపుల్లా పనిచేస్తాయి. ఇంధనంలో కలిపిన ఆయిలే లోపలి భాగాలకు కందెన. బొమ్మ విమానాలకు బిగించే చిన్న ఇంజన్లలో అనేకం ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. రాజ్‌దూత్ యంత్రం 173 సి.సి. బొమ్మ విమానానికి 2.5 సి.సి. ఇంజను చాలు. అంటే దాదాపు డెబ్బయ్యో వంతు. కాని ఆ చిట్టి ఇంజను నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది. అరచేతిలో ఇమిడే ఆ యంత్రాన్ని విప్పి, తుడిచి, తిరిగి బిగించి నడిపించినవాడు రాజ్‌దూత్ ముందు తడబడడు. రాజ్‌దూత్ నాడి తెలిసినవాడికి చిట్టి ఇంజను కొత్త కాదు.

ఇంకొక సంబంధం మన చేలల్లోనే వుంది. అది ఆముదం. పాలమూరు, నల్లగొండ చలకల్లో ఒకప్పుడు ఎటుచూసినా ఆముదపు చేలే. పత్తి వచ్చాక అవి తగ్గిపోయాయి. ఆ ఆముదంతో విమానాలు నడిచాయంటే మన రైతులు నమ్మకపోవచ్చు. కాని అది నిజం. 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విమానాలలో కొన్నింటికి, యంత్రమంతా ప్రొపెల్లరుతోపాటు గిరగిర తిరిగే రోటరీ ఇంజన్లుండేవి. వాటికి కందెన ఆముదమే. ఆముదం పెట్రోలులో సులువుగా కరగదు, వేడికి లోహాన్ని వదలదు. ఆ గుణాలకోసమే దానిని ఎంచుకున్నారు. ఇంజను చిమ్మిన ఆముదపు తుంపరలు పీల్చి పైలట్లు కడుపు కదిలి బాధపడేవారని కూడా చెప్పుకుంటారు. ఆముదం సంగతి తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. పందెపు మోటారు సైకిళ్ళలో కూడా ఆముదంతో చేసిన ఆయిలు వాడేవారు. కాస్ట్రాల్ అనే ఆయిలు పేరు ఆముదానికి ఇంగ్లీషులో వున్న పేరునుంచి పుట్టిందే.

నేటికీ బొమ్మ విమానాల ఇంజన్లలో ఆముదానికి చోటు పోలేదు. ఒకరకం ఇంజను మిథనాల్, ఆముదం కలిపిన ఇంధనంతో నడుస్తుంది. దాని ప్లగ్గులో సన్నని ప్లాటినం తీగ చుట్ట వుంటుంది. మొదట బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా అది కణకణలాడుతూనే వుంటుంది. రెండోరకానికి ప్లగ్గే అక్కరలేదు. ఈథర్, కిరోసిన్, ఆముదం సమపాళ్ళలో కలిపి పోస్తే, సిలిండరులో నొక్కుడు వేడికే అంటుకుంటుంది. ఈథర్ చాలా తొందరగా మండే పదార్థం. పిల్లలు దాని జోలికి పోరాదు. తెలిసిన పెద్దలు దగ్గరుండి చేయవలసిన పని అది.

ఇవన్నీ కలిగినవారి కాలక్షేపాలని కొందరంటారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. అమెరికాలో రైట్ సోదరులు సైకిళ్ళు బాగుచేసి అమ్ముకునేవారు. 1878లో వారి తండ్రి ఒక ఎగిరే బొమ్మ తెచ్చి పిల్లలకిచ్చాడు. రబ్బరు పట్టీ మెలితిప్పి వదిలితే పైకెగిరే బొమ్మ అది. అన్నదమ్ములు దాన్ని చూసి అలాంటివే మరికొన్ని చేశారు. 1903 డిసెంబరు 17న వారి విమానం ఎగిరింది. దాని 12 గుర్రాల ఇంజనును తయారుచేసినవాడు వారి సైకిలు షాపులో పనిచేసే మెకానిక్ ఛార్లెస్ టేలర్. ఇంజను బలాన్ని ప్రొపెల్లర్లకు అందించింది సైకిలు గొలుసులవంటి గొలుసులే. అదే దేశంలో గ్లెన్ కర్టిస్ మోటారు సైకిళ్ళు తయారుచేసేవాడు. 1907లో ఎనిమిది సిలిండర్ల బండిమీద గంటకు 136 మైళ్ళ వేగంతో దూసుకుపోయాడు. మరుసటి ఏడాది, 1908 జులై 4న, తన విమానంతో కిలోమీటరుకు పైగా ఎగిరి బహుమతి గెలిచాడు. మోటారు సైకిలు ఇంజన్లతో పట్టిన పట్టే ఆయనను గాలిలోకి లేపింది.

మన పిల్లలందరూ రైట్ సోదరులవుతారని ఎవరూ చెప్పడంలేదు. చెప్పేదల్లా ఒక్కటే. చేతికి పని, చెవికి పని, బుద్ధికి పని ఒకేసారి దొరికే చోట్లు ఇప్పుడు తక్కువ. ఈ రెండు సరదాలు అలాంటి చోట్లు.

చెవి సంగతే తీసుకోండి. కార్బొరేటరులో పెట్రోలు ఎక్కువైతే ఇంజను బొంగురుగా మూలుగుతుంది, పొగ కక్కుతుంది. గాలి ఎక్కువైతే కీచుమంటుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పాత మెకానిక్ మీటరు పెట్టి చూడడు, విని చెబుతాడు. చిట్టి ఇంజనుకు కూడా ఒక సూది మర వుంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పి, శబ్దం విని సరిచేయాలి. అక్కడ చెవి కుదిరినవాడికి బోరుబావి దగ్గరి డీజిల్ ఇంజను, పొలంలో మందుకొట్టే పవర్ స్ప్రేయరు మొరాయించినపుడు ఎక్కడ తప్పు జరిగిందో పసిగట్టడం కష్టం కాదు. "కూడు పెడుతుందా?" అన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు.

పాత బండ్ల మర్మాలు కూడా పాఠాలే. జావా బండికి కిక్కు, గేరు ఒకే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది, తిరిగి కిందికి దించితే గేరవుతుంది. పాత బుల్లెట్‌ను బలంతో కాక ఉపాయంతో స్టార్టు చేయాలి. అమ్మీటరు ముల్లు చూస్తూ, చిన్న మీటను నొక్కి లోపలి ఒత్తిడి వదిలి, పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చి, అప్పుడు తన్నాలి. ఆ వరస తప్పితే కిక్కు ఎదురుతన్ని కాలు విరిచినంత పనిచేస్తుంది. యంత్రం మాట వినేవరకు ఓపికపట్టడం ఈ బండ్లు నేర్పే మొదటి పాఠం.

ఈ పాఠాలు చెప్పే పంతుళ్ళు తగ్గిపోతున్నారు. మైసూరులో జావా, ఎజ్డి బండ్లు చేసిన ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్ళీ బండ్లు వచ్చినా అవి నాలుగు స్ట్రోకుల యంత్రాలు, పాత వాటికి చుట్టాలు కావు. 1973లో "బాబీ" సినిమాతో కుర్రకారును ఊపిన చిన్న రాజ్‌దూత్ ఇప్పుడు కంటికి కనిపిస్తే అదృష్టమే. పల్లెల్లో పశువుల కొట్టాల మూలన, గడ్డివాముల చాటున పడివున్న పాత బండ్లను ఇనుప సామాన్ల వాళ్ళు కిలోల లెక్కన తూచి తీసుకుపోతున్నారు. ఇంట్లోవారికి అది అడ్డం తొలగిన సంతోషం. కాని కరిగించిన ఇనుమును మళ్ళీ బండిగా మార్చే మెకానిక్ ఎక్కడా లేడు.

ఇక్కడ రైతులు, గృహస్థులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా వున్న బండ్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేసుకునే వీలు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో కల్పించింది. ఇదివరకే రిజిస్ట్రేషను వున్న బండి తన పాత నంబరునే వుంచుకోవచ్చు. అయితే వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ తిరుగుడుకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. కాబట్టి తాతగారి బండిని తూకానికి వేసేముందు ఆర్.సి. పుస్తకం ఇంట్లో వుందో లేదో ఒకసారి వెతకాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆ పుస్తకంతో సరిపోతున్నాయా చూసుకోవాలి. కాగితాలున్న బండికి, లేని బండికి విలువలో చాలా తేడా వుంటుంది.

ఐతే ఆ రిజిస్ట్రేషనుకు మొదటిసారి రుసుము 20,000 రూపాయలని నిబంధనల్లో పెట్టారు. పట్నంలో పది బండ్లు షెడ్డులో పెట్టుకునే ఆసామికి అది లెక్కలోనిది కాకపోవచ్చు. తండ్రి వదిలిపోయిన ఒక్క జావాను నిలుపుకుందామనుకునే పల్లె మనిషికి అది మోయలేని బరువు. ఒక మనిషికి ఒక బండి వరకైనా ఈ రుసుమును తగ్గించడం న్యాయం. మన ప్రజాప్రతినిధులు ఈ విషయాన్ని పైవారి దృష్టికి తీసుకుపోవాలి.

పాత బండ్లు పొగ వదులుతాయన్న ఆక్షేపణ వుంది. అది కాదనలేని మాట. రెండు స్ట్రోకుల యంత్రం కాలని ఆయిలును, పెట్రోలును కొంత బయటికి విడుస్తుంది. అందుకే ఈ బండ్లను రోజూ రోడ్లమీద తిప్పాలని ఎవరూ కోరరాదు. నెలకొకసారి తీసి నడిపి, తుడిచి లోపల పెట్టుకునే బండివల్ల ఊరికి వచ్చే చేటు స్వల్పం. దాన్ని విప్పి నేర్చుకునే కుర్రవాడికి కలిగే లాభం అంతకంటె ఎక్కువ.

ఖర్చు సంగతి రెండో ఆక్షేపణ. ఇంజను విమానానికి డబ్బు కావాలి, నిజమే. దక్షిణ అమెరికాలోని ఈక్వడారునుంచి వచ్చే బల్సా చెక్క కూడా పల్లెల్లో దొరకదు. కాని మొదలు పెట్టడానికి అవేవీ అక్కరలేదు. సంక్రాంతికి గాలిపటం కట్టే పిల్లవాడికి వెదురు పేళ్ళు చీల్చడం, సరితూచడం వచ్చు. బాసికాలకు వాడే జీలుగు బెండు, పారేసిన థర్మోకోల్, వెదురు పేళ్ళు, పాత కాగితం వుంటే చేతితో విసిరే విమానం తయారవుతుంది. రెక్క వెడల్పులో ముందు అంచునుంచి సుమారు మూడోవంతు దగ్గర వేళ్ళమీద నిలబెట్టినపుడు అటూఇటూ ఒరగకుండా వుండాలి. విసిరినపుడు ముక్కు పైకెత్తి కూలబడితే ముక్కుకు కాస్త బంకమట్టి అంటించాలి. ముక్కు కిందికి పొడుచుకుపోతే ఆ మట్టి తగ్గించాలి. ఈ నాలుగు ముక్కలతో ఏడో తరగతి పిల్లవాడు గరిమనాభి అంటే ఏమిటో నేర్చుకుంటాడు. పుస్తకంలో పది పేజీలు బట్టీపట్టినా అంత బాగా రాదు.

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. తీగలు పట్టుకుని చుట్టూ తిప్పే విమానాలను కరెంటు తీగల దరిదాపుల్లో ఎగరేయరాదు. చేతిలోని తీగ హైటెన్షన్ లైనుకు తగిలితే ప్రాణమే పోతుంది. తిరిగే ప్రొపెల్లరు వేళ్ళను తెగ్గోస్తుంది. జాతరలో, బడి ఆవరణలో జనం మధ్య ఎగరేయడం తగదు. పంట కోసిన చేలు, ఎండిన చెరువు శిఖం భూములు ఇందుకు అనువైనవి. రేడియోతో నడిపే విమానాలకు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా ఆకాశాన్ని విడదీసి ప్రభుత్వం పటం తయారుచేసింది. ఎగరేసేముందు అది చూసుకోవడం తప్పనిసరి.

ఇక చేయవలసినది ఏమిటి? కొత్తగా భవనాలు, నిధులు మంజూరు చేయమని అడగడంలేదు. వున్నవాటినే వాడుకోమంటున్నాం. ఐ.టి.ఐ.లలో వారానికొక సాయంత్రం ఒక గది తెరిచి వుంచి, ఒక పాత రెండు స్ట్రోకుల ఇంజనును స్టాండుకు బిగించి పెడితే చాలు. ఊళ్ళో వయసు మళ్ళిన మెకానిక్కులను పిలిచి గౌరవ వేతనమిచ్చి నాలుగు మాటలు చెప్పించాలి. వారి దగ్గర వున్నది ఏ పుస్తకంలోనూ అచ్చుకాలేదు, వారితోనే పోతుంది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో బొమ్మ విమానాల తయారీ ఒక పోటీ అంశంగా వుంది. ఆ విభాగం పట్నం కాలేజీల దగ్గరే ఆగిపోకుండా మండల కేంద్రాలకు రావాలి. 2016నుంచి కొన్ని పాఠశాలల్లో పెట్టిన అటల్ ప్రయోగశాలలకు తాళాలు వేసి పరికరాలు దాచుకునే బదులు ఈ పనికి తెరవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడి చేతికి గ్రీజు అంటిందని కసురుకోకండి. సెల్‌ఫోను తెరమీద విమానం నడిపే పిల్లలు ప్రతి ఇంటా వున్నారు. చెక్కతో విమానం చేసి, అది కూలితే ఏడవకుండా విరిగిన రెక్కను అతికించి మళ్ళీ విసిరే పిల్లవాడు ఊరికొకడున్నా ఆ ఊరికి మేలే. రేపు మన మోటారు, మన ట్రాక్టరు, మన పంపుసెట్టు ఆగిపోయినప్పుడు మనం పిలవవలసింది అతన్నే.