ఇంటి షెడ్డులో విమానపు రెక్క



విమానం అనగానే మనకు పెద్ద పెద్ద కర్మాగారాలు, తెల్ల కోటులు తొడుక్కున్న ఇంజనీర్లు జ్ఞాపకం వస్తారు. అయితే అమెరికాలో సామాన్యులైనవారు వేలమంది తమ ఇంటి పక్కనున్న కారు షెడ్డులోనే విమానం కట్టుకొని, దానిలో ఎగురుతున్నారు. ఇది దొంగచాటు పని కాదు, చట్టం ఒప్పుకొన్న పనే. పనిలో సగానికి మించిన భాగం జీతానికి కాక, నేర్చుకొనుట కొరకో సరదా కొరకో పూనుకొన్నవారు చేసినదై ఉండాలని అక్కడి నియమం. ఇలాంటివారి కొరకు పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీ పట్టణంలో ఒక సంఘం స్థాపించారు. దాని పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. ఆ సంఘం వేసవిలో ఆష్‌కాష్ అనే ఊరిలో జరిపే కూడికకు వేల విమానాలు వచ్చి వాలుతాయి.

వీరిలో చాలామంది విడిభాగాల పెట్టెలు కొనుక్కొని మొదలుపెడతారు. దీనినే కిట్ అంటారు. ఒరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో ప్రారంభించిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ కిట్ల నుండి ఇప్పటికి పది వేలకు పైగా విమానాలు తయారై ఎగిరాయి. సామాను ఒక్కసారిగా తెప్పించుకోనక్కరలేదు. మొదట తోక భాగం, తరువాత రెక్కలు, ఆ తరువాత మధ్య శరీరం, ఇలా విడివిడిగా కొనుక్కోవచ్చు. తోక మొదట ఎందుకంటే, చిన్నది కాబట్టి చెయ్యి తిరుగుతుంది, పాడైనా నష్టం తక్కువ. తోకతోనే విసిగి మానుకొన్నవారు కూడా లేకపోలేదు. రెక్కల పెట్టె విప్పినవారు మాత్రం సాధారణంగా పట్టుదల గలవారే.

మన పెంకుటింటి పైకప్పును ఒకసారి తలంచుకోండి. నడుమ దూలం, దాని మీదుగా వాసాలు, ఆ పైన పెంకులు. రెక్క కూడా అంతే. దాని పొడవునా సాగే దూలాన్ని స్పార్ అంటారు. దానికి అడ్డంగా నిలిచే వాసాలను రిబ్బులు అంటారు. వాటిపైన రేకు కప్పుతారు. ఆ రేకు రాగి కలిపిన అల్యూమినియం, మందం ఒక మిల్లీమీటరైనా ఉండదు. అయినా ఇంటి పెంకులకు లేని బాధ్యత దీనికి ఉన్నది. పెంకు వాన ఆపితే చాలు. రెక్క మీది రేకు మాత్రం దూలంతో, వాసాలతో కలిసి బరువు మోయాలి. వాటినన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచేవి రివెట్లు. సంతలో ట్రంకు పెట్టెలు చేసేవారు రేకు అంచులు కలిపి కొట్టే రివెట్ల వంటివే ఇవి కూడా. కానీ ఒక విమానానికి వేలకొద్దీ పడతాయి, ప్రతిదానికి కొలత ఉన్నది. కొట్టిన తరువాత లోపలి వైపు చదునైన తల వెడల్పు రివెట్టు కాడకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి.

రివెట్టు కొట్టేముందు పని ఎక్కువ. రంధ్రం చేసినప్పుడు దాని అంచున గరుకు పొర మిగులుతుంది. దానిని చేతితో గీకి తీసివేయాలి. తీయకపోతే ఏళ్ల తరబడి అదిరి అదిరి పగులు అక్కడ నుండే మొదలౌతుంది. రివెట్టు తల గాలికి అడ్డు రాకుండా రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కుతారు. దర్జీ ముందుగా కచ్చా కుట్లు వేసినట్టు, స్ప్రింగు పిన్నులు వందల సంఖ్యలో గుచ్చి రేకును తాత్కాలికంగా నిలబెడతారు. ఆ తరువాతనే ఒకరు బయటనుండి గాలి సుత్తితో కొడతారు, మరొకరు లోపలనుండి ఉక్కు దిమ్మ అదిమి పట్టుకొంటారు. ఇది ఒంటరిగా చేయలేని పని. చాలా ఇళ్లలో ఆ ఉక్కు దిమ్మ పట్టుకొనేది ఇల్లాలో, ఎదిగిన పిల్లలో.

రెక్క అడుగు రేకు చివరకు వేస్తారు. అప్పటికి లోపల చెయ్యి పెట్టే చోటు తక్కువ, కన్ను అసలే ఆనదు. వేళ్లతో తడుముతూ దిమ్మ ఆనించాలి. ఒకసారి మూసిన తరువాత లోపల పడిపోయిన రివెట్టు, మరచిపోయిన పనిముట్టు, సరిగా బిగించని తీగ, అన్నీ లోపలనే ఉండిపోతాయి. తనిఖీకి చిన్న మూతలు ఉంటాయి గానీ అన్ని మూలలూ వాటిలో నుండి కనబడవు. అందుకే మూసేముందు ఫోటోలు తీసుకొని పుస్తకంలో తేదీతో సహా వ్రాసి ఉంచుతారు.

పెట్రోలు టాంకు వేరే ఉండదు. చాలా నమూనాలలో రెక్క ముందు భాగమే టాంకు. కీళ్లన్నిటికీ ముదురు రంగు జిగురు పూస్తారు. దాని వాసన, అంటుకొంటే వదలని గుణం గురించి కట్టినవారందరూ ఒకే మాదిరిగా మొత్తుకొంటారు! ఆరిన తరువాత టాంకుకు ఒక రబ్బరు బుడగ తగిలించి, మెల్లగా గాలి నింపి, కీళ్ల మీద సబ్బునీళ్లు పూస్తారు. బుడగ కుంగినా, సబ్బు పొంగినా అక్కడ కారుతున్నట్టు. సైకిలు ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి చూసే మన కుర్రవాడి విద్యయే.

కంపెనీ పంపినది కదా అని నమ్మి ఊరుకొనుటకు లేదు. 2023లో ఇదే వ్యాన్స్ కంపెనీకి కష్టం వచ్చింది. లేజరుతో కోసిన కొన్ని భాగాలలో, గుంట నొక్కినప్పుడు రంధ్రాల అంచున పగుళ్లు వస్తున్నట్టు బయటపడింది. అప్పటికే వాటిని రెక్కలలో బిగించుకొన్నవారి బాధ ఊహించండి. విప్పాలా, ఉంచాలా? అదే ఏడాది డిసెంబరులో కంపెనీ దివాలా చట్టం రక్షణ కోరింది. 2024లో తేరుకొని బయటపడింది.

అయితే రెక్క ఎంత గట్టిగా ఉన్నా అది సగం పనే. గాలిలోకి లేచిన వస్తువును అదుపు చేయడం ఎలాగ? ఈ ప్రశ్నను అందరికంటె లోతుగా పట్టుకొన్నవారు సైకిళ్లు చేసి అమ్ముకొనే ఇద్దరు అన్నదమ్ములు, విల్బర్, ఆర్విల్ రైట్. వీరి తండ్రి మిల్టన్ రైట్ యునైటెడ్ బ్రెద్రెన్ సంఘంలో బిషప్పు అని మన పాఠకులలో కొందరికి తెలియకపోవచ్చు. 1899లో ఒకనాడు విల్బర్ దుకాణంలో సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను మాట్లాడుతూ మాట్లాడుతూ మెలి తిప్పాడు. ఒక కొస పైకి, ఇంకో కొస క్రిందికి వంగాయి, పెట్టె విరగలేదు. రెక్కలను కూడా ఇలాగే తీగలతో మెలితిప్పితే విమానం ఒక ప్రక్కకు ఒరిగేటట్టు చేయవచ్చునని అతనికి తట్టింది.

వారిది కూడా ఒక విధంగా కిట్టు విమానమే. భాగాలు డేటన్ పట్టణంలో చేసి, పెట్టెలలో సముద్రపు ఒడ్డున ఉన్న కిటీ హాక్‌కు పంపి, అక్కడ కూర్చుకొనేవారు. 1900లో తెచ్చిన బట్ట 18 అడుగుల కర్రకు కుట్టినది. దారిలో నార్ఫోక్‌లో దొరికిన కర్ర 16 అడుగులే. విల్బర్ ఆ ఊరి టేట్ దంపతుల ఇంట కుట్టుమిషను అడిగి తీసుకొని బట్టను తానే కత్తిరించి మళ్లీ కుట్టుకొన్నాడు. వారు వెళ్లిన తరువాత ఆ తల్లి గ్లైడరు బట్టను ఊరకే పోనివ్వలేదు, తన ఆడపిల్లలకు గౌనులు కుట్టింది. 1903 డిసెంబరు 13న వాతావరణం బాగున్నా, ఆదివారం కాబట్టి అన్నదమ్ములు యంత్రాన్ని ముట్టలేదు. నాలుగు రోజుల తరువాత, 17వ తేదీన, మొదటి ఎగురుట 12 సెకన్లు, 120 అడుగులు. ఆనాటి చివరిది 59 సెకన్లు, 852 అడుగులు. 1910 మేలో 81 ఏళ్ల బిషప్పుగారు కుమారునితో కలిసి ఎగిరినప్పుడు ఇంకా పైకి, ఇంకా పైకి అని కోరారట. ఆ కుటుంబంలో భయం ఎవరికీ ఉన్నట్టు లేదు!

నేటి విమానాలలో రెక్కనంతా మెలితిప్పరు. రెక్క వెనుక అంచున చివరి వైపు ఒక పలక బందుల మీద ఆడుతుంది, దానిని ఐలెరాన్ అంటారు. పైలటు చేతిలోని స్టిక్ కుడికి వంచితే కుడి ఐలెరాన్ పైకి, ఎడమది క్రిందికి కదులుతాయి, విమానం కుడికి ఒరుగుతుంది. ఈ కదలికను స్టిక్ నుండి రెక్క చివరిదాకా చేర్చడానికి రెండు మార్గాలు. మన పాత సైకిళ్లకు కడ్డీల బ్రేకులు, కొత్తవాటికి తీగ బ్రేకులు ఉండుట చూశారు కదా! అవే రెండు. వ్యాన్స్ విమానాలలో ఐలెరాన్‌లకు అల్యూమినియం గొట్టపు కడ్డీలు, కాళ్లతో నడిపే తోక చుక్కానికి ఉక్కు తీగలు వాడతారు. కడ్డీ నెట్టగలదు, లాగగలదు. తీగ లాగడం తప్ప నెట్టలేదు, కాబట్టి రెండు వైపులా రెండు తీగలు కావాలి. రెక్కలోపల కడ్డీ దిశ మారేచోట బెల్‌క్రాంక్ అనే మూడు మూలల ముక్క ఉంటుంది. సైకిలు బ్రేకులో హ్యాండిలు దగ్గర కడ్డీ మలుపు తిరిగే చోట ఉండే ముక్కకు ఇది అన్న.

ఐలెరాన్ ముందు అంచులో బరువు పెట్టడం మరొక వింత. కొన్ని నమూనాలలో ఇళ్లలో నీళ్లకు వాడే రకం ఇనుప గొట్టమే అక్కడ దూర్చుతారు. బరువు సరితూగకపోతే వేగం పెరిగినప్పుడు ఐలెరాన్ జెండా వలె కొట్టుకొని క్షణాలలో ఊడిపోవచ్చు. అందంగా ఉంటుందని రంగు మందంగా పూసినా తూకం తప్పుతుంది.

ప్రతి కీలుకు బోల్టు, దానికి తల చీలికలు ఉన్న నట్టు, ఆ చీలికలో దూర్చి వంచిన పిన్ను. ఎన్ని అదురులు వచ్చినా నట్టు ఊడిరాకూడదు. పిన్ను లేని నట్లను బిగించిన తరువాత నట్టు నుండి బోల్టు మీదుగా రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు రవంత తిరిగినా గీత తెగినట్టు కనబడుతుంది. రెక్కను శరీరానికి చేర్చే రోజున దాని కొసల నుండి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు. మన తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండే అది. రెండు రెక్కలు ఒకే వరుసలో ఉన్నవని తేలిన తరువాతనే వెనుక దూలానికి బోల్టు రంధ్రం చేస్తారు. ఆ రంధ్రం మధ్యబిందువు రేకు అంచునుండి రంధ్రపు వ్యాసానికి కనీసం రెండింతలు లోపలగా ఉండాలి. తప్పితే తిరిగి పూడ్చే ఉపాయం లేదు. డ్రిల్లు చేతబట్టి ఆ రోజు వాయిదా వేసుకొన్నవారు ఎందరో.

ఇంత చేసినా మనిషి కన్ను తన పనిలోని తప్పును చూడలేదు. ఇది ఇంట్లో కట్టుకొన్నవారికే కాదు, మహా నిపుణులకు కూడా వచ్చిన ఆపద. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన లాంకాస్టర్ బాంబరును రూపొందించిన రాయ్ చాడ్విక్ 1947 ఆగస్టు 23న ఇంగ్లాండులోని వుడ్‌ఫర్డ్ నుండి తన కొత్త విమానం ట్యూడర్ 2లో బయలుదేరాడు. మరమ్మతులలో ఐలెరాన్ తీగలు తారుమారుగా బిగించారు. కుడికి తిప్పితే ఎడమకు ఒరిగింది. నేల విడిచిన కొద్దిసేపటికే అది కూలి చాడ్విక్, పైలటు బిల్ థార్న్‌తో కలిపి నలుగురు చనిపోయారు. గీసినవాడే దానిలో కూర్చున్నాడు, తప్పు ఆయన గీతలో లేదు.

అది పాత కాలమని అనుకోవద్దు. 2018 నవంబరు 11న ఎయిర్ అస్తానా వారి జెట్టు పోర్చుగల్‌లో పెద్ద తనిఖీ ముగించుకొని ఆరుగురితో లేచింది. అదే తప్పు, ఐలెరాన్ తీగలు తారుమారు. గంటన్నరకు పైగా అది మేఘాలలో దొర్లుతుంటే, పైలట్లు సముద్రంలో దింపుదామా అన్నంతవరకు వెళ్లి, చివరకు మూడవ ప్రయత్నంలో బేజా అనే చోట నేలకు దించారు. ప్రాణాలు దక్కాయి. కంప్యూటర్లు, సంతకాల పుస్తకాలు, శిక్షణ పొందినవారు, అన్నీ ఉండగానే ఇది జరిగింది.

అందువలన షెడ్డులో కట్టుకొనేవారికి ఆ సంఘంలోని అనుభవజ్ఞులు డబ్బు తీసుకోకుండా వచ్చి పని చూసి వెళతారు. రేకు మూయకముందే పిలవండి అని వారు కోరుతారు. చివరకు ప్రభుత్వం తరఫు తనిఖీదారు చూసి అనుమతి ఇస్తాడు. మొదటి 25 గంటలో 40 గంటలో, పరీక్షకు అవసరమైనవారు తప్ప ఎవరూ ఎక్కకూడదు. నా అభిప్రాయం అడిగితే, ఈ నియమమే అన్నిటికంటె తెలివైనది. కట్టినవాని మీద ప్రేమతో మొదటి రోజే ఎక్కి కూర్చుంటామనే భార్యకు, పిల్లలకు చట్టమే అడ్డు నిలుస్తుంది. ఆ గంటలు పూర్తైన తరువాత కూడా, ఇది సాధారణ విమానాలకు ఉండే భద్రతా నియమాల ప్రకారం తయారైనది కాదని ప్రయాణికునికి కనబడేలా లోపల వ్రాసి ఉంచాలి.

బయలుదేరేముందు ప్రతిసారీ పైలటు ఒక చిన్న పరీక్ష చేస్తాడు. స్టిక్‌ను పిడికిట పట్టి బొటనవేలు నిటారుగా నిలుపుతాడు. స్టిక్ ఎడమకు వంచితే బొటనవేలు ఎడమకు చూపుతుంది, అప్పుడు ఎడమ రెక్క మీది ఐలెరాన్ పైకి లేవాలి. కుడికి వంచితే కుడిది. పక్క సీటులోని చిన్నపిల్లవాడు కూడా కిటికీలోనుండి చూసి చెప్పగలడు.