నెంబరు మాతో రావచ్చు, పేర్లు ఎందుకు రాకూడదు?

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

మీ శాఖకు పెద్ద మంత్రిగా సింధియా గారు ఉన్నారని తెలుసు. అయినా మీకే రాస్తున్నాను. ఈ తెలుగు ఉత్తరాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాల్సిన పని మీకు లేదు. మేం మీకు ఓటు వేసేవాళ్ళం కాము. మాది తమిళనాడు, తిరువళ్ళూరు జిల్లా ఆరణి. పట్టుచీరల ఆరణి వేరు, అది తిరువణ్ణామలై వైపు. పిచ్చాటూరు నుంచి ఊత్తుకోట మీదుగా పులికాట్ సరస్సుకు పోయే ఆరణి ఏటి ఒడ్డున, పొన్నేరికి దగ్గర్లో ఉండే ఊరు మాది. ఇక్కడ తెలుగు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

2025 నవంబరు 28న మీ టెలికాం విభాగం ఫోన్ల తయారీదార్లకు ఒక ఆదేశం ఇచ్చింది. దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లోనూ ప్రభుత్వ సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలి, గడువు 90 రోజులు అని. అదే రోజు ఇంకొకటి: వాట్సాప్ లాంటి యాప్‌లు ఫోన్‌లో ఉన్న సిమ్‌కు కట్టుబడి ఉండాలి, కంప్యూటర్‌లో తెరిస్తే ఆరు గంటలకోసారి లాగవుట్ అయిపోవాలి అని. మొదటిదాని మీద గొడవయ్యాక డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. ఆ రెండింటి మంచిచెడ్డలు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను అందులోకి పోను. ఆ వార్త చదువుతుంటే నాకు తోచింది వేరే. ఫోన్ల కంపెనీలతో, మూడు నెలల్లో మీ ఫోన్‌లో ఇది ఉండి తీరాలి అని చెప్పగల అధికారం మీకుంది. మరి అదే అధికారంతో, ఒక రకం ఫోన్ వదిలి ఇంకో రకం ఫోన్‌కు మారే మనిషి తన పేర్లూ నెంబర్లూ చెక్కుచెదరకుండా తీసుకుపోగలగాలి అని ఇన్నేళ్ళలో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

దిత్వా తుపాను వానలు మా జిల్లాను తడిపేస్తున్న ఆ వారంలోనే మా నాయన ఫోన్ మారింది.

మా నాయన వడ్ల బేరం చేస్తాడు. సత్యవేడు, నాగలాపురం, ఊత్తుకోట, పొన్నేరి, అటు తిరుత్తణి దాకా ఆయనకు రైతులున్నారు, మిల్లులున్నాయి, లారీవాళ్ళున్నారు. తెలుగు బడిలో ఐదో తరగతి చదివినాయన. తమిళం గడగడా మాట్లాడతాడు, చదవాలంటే కూడబలుక్కోవాలి. ఇంగ్లీషు అంకెల వరకే. అందుకని ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులోనే ఎక్కించుకున్నాడు, నా కూతురు టైపు చేసి పెట్టింది. మా వైపు మనిషి పేరుకంటే ముందు ఊరు చెబుతాం. ‘నాగలాపురం కోతమిషను’, ‘పిచ్చాటూరు చిన్నాయన’, ‘పొన్నేరి మిల్లు మేస్త్రీ’, ‘తిరుత్తణి సుబ్రహ్మణ్యం లారీ’, ‘తిరుత్తణి సుబ్రహ్మణ్యం ఎరువులు’. సుబ్రహ్మణ్యస్వామి కొండ ఉన్న ఊళ్ళో సుబ్రహ్మణ్యాలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. పక్కన ఆ గుర్తు లేకపోతే ఆ పేరు ఉన్నా లేనట్టే.

చెన్నైలో ఉన్న మా తమ్ముడు, తన ఐఫోన్ లాంటిదే నాయనకూ ఉంటే వీడియో కాల్ బాగుంటుందని కొనిచ్చాడు. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే ధర తగ్గుతుందన్నారు. ఆ అంగడి కుర్రాడు పేర్లన్నీ సిమ్‌లోకి ఎక్కించి, సిమ్ కొత్త ఫోన్‌లో వేసి, “ఎల్లాం వందాచ్చు సార్”, అన్నీ వచ్చేశాయి అన్నాడు. నెంబర్లు వరుసగా కనబడ్డాయి. పాత ఫోన్ అక్కడికక్కడే తుడిచేశారు.

ఇంటికొచ్చి చూస్తే జాబితా ఇలా ఉంది: నాగలాప, నాగలాప, నాగలాప, నాగలాప. కిందికి జరిపితే పిచ్చా, పిచ్చా. పొన్నే, పొన్నే, పొన్నే. తిరుత్తణి వాళ్ళందరూ ‘తిరుత్’ అయ్యారు. చిన్నాయనకూ పిచ్చాటూరు లారీ ఓనరుకూ తేడా లేదు. కోతమిషనుకూ నాగలాపురం అక్కకూ తేడా లేదు.

ఎందుకిలా అయిందో తమ్ముడు తెలుసుకుని చెప్పాడు. సిమ్ కార్డులో ఒక్కో పేరుకు ఉండే జాగా బహు తక్కువ. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకు చాలా ఫోన్లు రెండు బైట్లు తీసుకుంటాయి. పైగా గుడి, కొమ్ము, ఒత్తు, సున్న, ఒక్కొక్కటీ విడిగా లెక్కే. మనం ‘నాగలాప’ అని నాలుగక్షరాలు చూస్తాం, సిమ్ దాన్ని ఆరుగా లెక్కేసి అక్కడ తెంపేస్తుంది. ఇంగ్లీషులో ఎక్కించుకున్న పేరయితే సగమైనా అర్థమయ్యేట్టు మిగిలేది. అమ్మభాషలో రాసుకున్నందుకు మా నాయనకు ఎక్కువ నష్టం జరిగింది. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, మంత్రిగారూ.

ఆ కుర్రాడు పేర్లన్నీ ఒక ఫైలుగా కూడా చేసి పంపాడు. తెరిచి చూశాం. తెలుగు ఒక్క ముక్క లేదు. సమానం గుర్తు, ఈ-సున్నా, సమానం గుర్తు, బి-సున్నా, మళ్ళీ ఇంకో రెండు, మళ్ళీ ఈ-సున్నా, బి-సున్నా. ఒక్క ‘రా’కు అంత పొడుగు. పాత పద్ధతి వీకార్డ్ ఫైళ్ళలో ఇంగ్లీషు కాని ప్రతి అక్షరాన్నీ అలా గుర్తులుగా మార్చి దాస్తారట. తీసుకునే ఫోన్‌కు తెలిస్తే దాన్ని మళ్ళీ తెలుగులోకి తిప్పుకుంటుంది, తెలియకపోతే ఆ గుర్తుల్నే పేరు అని చూపిస్తుంది. ఈ వీకార్డ్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1995 ప్రాంతంలో ఆపిల్, ఐబీఎం, ఏటీ అండ్ టీ, సీమెన్స్ కలిసి, ఒకరి యంత్రంలోని చిరునామా ఇంకొకరి యంత్రంలో చదవగలగాలని తయారుచేసుకున్నది. 1998లో మూడో రూపం, 2011లో నాలుగో రూపం వచ్చాయి. ముప్పై ఏళ్ళ కింద ఒప్పుకున్న పని తెలుగు పేరు దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎందుకు తప్పుతోంది? అది సరిచూసే బాధ్యత ఎవరిది?

గూగుల్ ఖాతాలోకి వేసుకుంటే సరిపోయేది కదా అని మీ అధికారులు అనవచ్చు. ఆండ్రాయిడ్ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆపిల్ వాళ్ళకు 2015 నుంచి ఒక యాప్ ఉంది కదా అని కూడా అనవచ్చు. అయ్యా, ఒక ఫోన్‌లో పేర్లు కొన్ని ఫోన్‌లో ఉంటాయి, కొన్ని సిమ్‌లో, కొన్ని ఖాతాలో. తెర మీద అన్నీ ఒకే వరుసలో కనబడతాయి. ఏది ఎక్కడుందో వడ్ల బేరం చేసుకునే మనిషికి ఎలా తెలుస్తుంది? ఖాతా ఒకటే కలుపుకుంటే ఖాతాలో ఉన్నవే వస్తాయి. ఆ ఖాతా కూడా మొదటి ఫోన్ కొన్నప్పుడు అంగట్లో ఎవరో తెరిచిపెట్టినది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? మా వీధిలో అడిగితే ఇంటికొకరు ఇదే చెబుతున్నారు.

మీరు చేయలేరని నేను అనుకోవడం లేదు. చేసి చూపించారు కాబట్టే అడుగుతున్నాను. మా సరిహద్దు సంగతే చూడండి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రలోకి పోయాయి. ఒకే ఇంటి మనుషులం రెండు రాష్ట్రాలయ్యాం, తర్వాత రెండు టెలికాం సర్కిళ్ళయ్యాం. ఏటికి ఆ పక్క పెళ్ళయిపోయిన ఆడబిడ్డ నెంబరు మార్చుకోవాల్సి వచ్చేది. కంపెనీ మారినా నెంబరు మారనక్కర్లేదని 2010 నవంబరు 25న హర్యానాలో మొదలుపెట్టారు, 2011 జనవరి 20కి దేశమంతా తెచ్చారు. 2015 జూలై 3 నుంచి రాష్ట్రం మారినా అదే నెంబరు ఉంచుకోవచ్చన్నారు. మా సరిహద్దు వాళ్ళకు అది ఎంత మేలో చెప్పలేను. ప్రతి ఫోన్‌లో ఆపద బటన్ ఉండాలని 2016లో నిబంధన చేశారు. అదే ఏడు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 మూడో భాగం తెచ్చింది. ఇక్కడ అమ్మే ఫోన్‌లో మన 22 భాషలూ చదవడానికి రావాలి, ఇంగ్లీషు, హిందీ కాక ఇంకొక భాషలోనైనా రాయడానికి వీలుండాలి అని. ఫోన్‌లో తెలుగు రాసుకోవచ్చని ధైర్యమిచ్చింది మీరే. రాసుకున్న తెలుగు ఇంకో ఫోన్‌కు పోయేటప్పుడు ముక్కలు కాకూడదని ఎక్కడైనా ఉందా? ఉంటే అమలు ఎవరు చూస్తున్నారు?

సమాచార రక్షణ చట్టం సంగతి కూడా చెప్పాలి. అది మీ శాఖది కాదు, ఎలక్ట్రానిక్స్ శాఖది. అయినా ప్రభుత్వం ఒకటే. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో, మనిషి తన సమాచారాన్ని ఒక కంపెనీ నుంచి తీసుకుని ఇంకో కంపెనీకి ఇచ్చుకునే హక్కు ఉంది. 2019 బిల్లులోనూ ఉంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో లేదు. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, వాటిలోనూ లేదు. యూరప్‌లో ఆ హక్కు 2018 నుంచి అమల్లో ఉంది. మన చట్టంలోంచి దాన్ని ఎందుకు తీసేశారు? ఎవరికి అడ్డొచ్చింది? పేర్లు పోతాయన్న భయంతో మనిషి పాత రకం ఫోన్‌కే అంటిపెట్టుకుని ఉంటే లాభం ఎవరికి?

ఫోన్ చేసినవాళ్ళ పేరు తెర మీద కనబడే ఏర్పాటు వస్తోంది కదా, ఇక ఈ బాధ ఉండదు అంటారేమో. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో దానికి సిఫార్సు చేసింది. అందులో కనబడేది సిమ్ తీసుకున్నప్పుడు కాగితాల్లో రాసిన పేరు. మా చిన్నాయన సిమ్ ఆయన కోడలి పేరు మీద ఉంది. కోతమిషను డ్రైవరు సిమ్ ఓనరు పేరు మీద ఉంది. మా నాయనకు ఆ పేర్లతో ఏం పని? పైగా అది ఫోన్ వచ్చినప్పటి మాట. మేం ఫోన్ చేయాలంటే ఎవరికి చేయాలో ఎలా తెలుస్తుంది?

ఇది చిన్న విషయం అనుకోకండి. పిచ్చాటూరు జలాశయం నిండి మిగులు నీళ్ళు వదిలితే అవి ఊత్తుకోట దాటి మా దాకా వస్తాయి. అధికారుల హెచ్చరిక వస్తుంది, కాదనను. కానీ “నీళ్ళు వదిలినారు, బస్తాలు మిట్టకు చేర్చుకోండి” అని చిన్నాయన గొంతు వింటేనే నాయన లేస్తాడు. ఆ వానల్లో చిన్నాయనకు ఫోన్ చేయబోయి లారీ ఓనరును అర్ధరాత్రి లేపాడు. ఆ మనిషి విసుక్కున్నాడు. డెబ్బై దాటిన మా నాయన ఎవరి ముందూ అంత చిన్నబోవడం నేను చూడలేదు.

మా సరిహద్దు తెలుగువాళ్ళకు పాత కష్టాలు చాలానే ఉన్నాయి. బడుల సంగతి, తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత మా పిల్లల తెలుగు సంగతి మీకు తెలియనివి కావు. వాటికి ఢిల్లీ ఏమీ చేయలేదంటే అవి రాష్ట్రం చేతిలోవి అని సర్దుకుంటాం. ఫోన్ ఎవరి చేతిలో ఉంది? టెలికాం కేంద్రానిదే కదా?

ఏ కాగితం మీద ఏం రాయాలో మీకు చెప్పేంత చదువు నాకు లేదు. ప్రమాణమో, ఆదేశమో, కంపెనీలతో ఒక సమావేశమో, మీకు తెలిసిన దారి ఏదైనా సరే. పాత ఫోన్ తుడిచేముందు పేర్లన్నీ పూర్తిగా, తెలుగులో తెలుగుగా, కొత్తదాంట్లోకి చేరాయని చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడి మీద పెట్టడం అంత కష్టమా? 90 రోజుల గడువు మీకు కొత్త కాదు.

సంక్రాంతి తర్వాత మా వైపు కోతలు ఊపందుకుంటాయి. అప్పటికి నాలుగైదు వందల నెంబర్లలో ఎవరు ఎవరో తేలాలి. నాయన రోజూ పొద్దున కూర్చుని ఒక్కో నెంబరుకూ ఫోన్ చేసి, నువ్వెవరు నాయనా అని అడిగి, నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. కొందరు చెబుతున్నారు, కొందరు మోసగాళ్ళ ఫోన్ అనుకుని పెట్టేస్తున్నారు. ఇది మీ శాఖ పనా, ఎలక్ట్రానిక్స్ శాఖ పనా, ట్రాయ్ పనా, కంపెనీల పనా? ముందు ఆ సంగతైనా తేల్చి చెప్పండి, అక్కడికే రాసుకుంటాం.

ఇట్లు,
ఒక వడ్ల వ్యాపారి కొడుకు
ఆరణి, తిరువళ్ళూరు జిల్లా