కుక్కకు ఎముక వేసే ముందు

“మా ఇంట్లో రెండేళ్ల పెంపుడు కుక్క ఉంది. ఆదివారం మేం తినగా మిగిలిన కోడి ఎముకలు, వేట ఎముకలు దానికి వేస్తాం. ఎదురింటివారు వేయకూడదంటున్నారు. కుక్కకు ఎముక పడకపోవడమేమిటి?” అని ఒక సోదరి ఉత్తరం రాశారు.

మనుషుల డాక్టర్ని అడగవలసిన ప్రశ్నేనా ఇది అని కొందరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చివర చెబుతాను. పశువైద్యుడైన నా మిత్రుణ్ణి కూడా సంప్రదించి ఈ జవాబు రాస్తున్నాను.

అమ్మా, మీ ఎదురింటివారు చెప్పిందే నిజం. ఉడికిన ఎముక పెళుసెక్కుతుంది. కొరికితే పుల్లల్లా చీలి, కొనలు సూదుల్లా తేలతాయి. అవి గొంతులో గుచ్చుకోవచ్చు, పేగుకు చిల్లు పెట్టవచ్చు. కోడి ఎముకలు, చేప ముళ్లు మరీ ప్రమాదం. ఎముకల పొడి పేగులో గట్టిపడి మలబద్ధకం కూడా తెస్తుంది. పైగా కూరలో ఉడికిన ఎముకకు ఉల్లి, వెల్లుల్లి పట్టి ఉంటాయి. ఈ రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

“అయితే పచ్చి ఎముక వేస్తాం” అంటారేమో! అది అంత తేలిగ్గా చీలదు, నిజమే. కాని గట్టి తొడ ఎముకను కొరికి పళ్లు విరగగొట్టుకునే కుక్కలున్నాయి. ఉంగరంలా కోసిన మూలుగ ఎముక కింది దవడకు తగులుకుని ఊడి రాదు. పచ్చి మాంసంలోని సూక్ష్మక్రిములు కుక్క నోటి నుంచీ, అది నాకిన నేల నుంచీ పసిపిల్లలకు అంటి విరేచనాలు పట్టుకోవచ్చు.

ఎముకలే కాదు, మామిడి టెంక, మొక్కజొన్న కండె కూడా కుక్కకు అందనివ్వకండి. మింగితే పేగుకు అడ్డం పడతాయి. ఆపరేషను తప్ప దారి ఉండకపోవచ్చు. బజారులో అమ్మే తోలు ముక్కలు నానాక పెద్ద ముక్క ఊడి గొంతులో ఇరుక్కోవచ్చు.

మరి కుక్కకు నమిలే సరదా ఎలా తీరాలి? ఈ మూడు సూత్రాలు గుర్తుంచుకోండి. ఒకటి, ఆ వస్తువు దాని నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దదిగా ఉండాలి. రెండు, మీ బొటనవేలి గోరుతో నొక్కితే కాస్త లొంగాలి. గోటికి లొంగనిది పంటికి చేటు. మూడు, నములుతున్నంతసేపూ పెద్దవాళ్లెవరైనా కనిపెట్టి ఉండాలి. గట్టి రబ్బరు బొమ్మ మంచిది. పచ్చి కారెట్ కూడా ఇవ్వవచ్చు. మాంసం రుచి చూపించాలంటే ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి, ఎముక తీసేసి పెట్టండి. నమిలేటప్పుడు పిల్లల్ని దగ్గరకు పోనివ్వకండి. నోటిదగ్గర తిండి లాక్కోబోతే ఎంత సాధువైన కుక్కయినా కరుస్తుంది.

పొరపాటున ఎముక మింగితే అన్నం ముద్దలు కుక్కవద్దు, వాంతి చేయించవద్దు. వాంతులు, తిండి మానడం, ముక్కడం, మలంలో రక్తం కనిపిస్తే ఆ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల క్రితం ఒకాయన చేతిమీద గీతలతో మా ఓ.పి.కి వచ్చారు. “కుక్క గొంతులో ఎముక అడ్డం పడిందండీ. దవడ వేలాడేసింది, చొంగ కారుస్తోంది, నీళ్లు కూడా మింగలేకపోతోంది. చెయ్యి పెట్టి వెతికాను, ఏమీ దొరకలేదు” అన్నారు. గొంతులో ఎముక లేదు. అది పిచ్చికుక్క వ్యాధి, అంటే రేబీస్. ఈ వ్యాధిలో అన్ని కుక్కలూ మీద పడి కరవవు. కొన్ని దవడ పడిపోయి, మూలన నక్కి, అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే కనిపిస్తాయి. రెండు రోజుల్లో ఆ కుక్క చచ్చిపోయింది. ఆయన ఆలస్యం చేయకుండా వచ్చారు కనుక బతికి బాగున్నారు.

కాబట్టి అలాంటి కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. గదిలో ఉంచి తలుపు వేసి పశువైద్యుణ్ణి పిలవండి. పంటి గాటు పడినా, గీరుకుపోయిన చోట చొంగ తగిలినా వెంటనే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి రండి. పసుపు, సున్నం పూయకండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్న భయం వద్దు. ఆ పాత మందు మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే, నాలుగైదు విడతల్లో ఇస్తారు. అవసరమైతే గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక మాత్రం మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం.

మీ కుక్కకు మూడో నెలలో రేబీస్ టీకా వేయించి, ఏటా తప్పకుండా వేయిస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఎముక సంగతికన్నా ముందు అది చూసుకోండి.