పేరు బ్లూబ్లాక్, సీసాలో ఏముందో?

ఫ్రాన్స్‌కు చెందిన జె. హెర్బిన్ కంపెనీ ఇంకుల్లో ఒకదాని పేరు 'పూసియేర్ ద ల్యూన్', అంటే చంద్రధూళి. అసలు చంద్రధూళిని 1969లో అపోలో 11 వ్యోమగాములు భూమికి తెచ్చారు. అది ముదురు బూడిద రంగు. సీసాలో ఉన్నది మాత్రం వంకాయ ఛాయ కొట్టే ఊదా. అదే కంపెనీ 2015లో విడుదల చేసిన 'ఎమరాల్డ్ ఆఫ్ చివోర్' కొలంబియాలోని ఒక పచ్చల గని పేరు పెట్టుకుంది. రాసి చూస్తే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఊగే రంగు, ఇంకు చిక్కగా పడిన చోట ఎర్రటి మెరుపు, అందులో బంగారు రజను కనిపిస్తాయి. కనిపించనిదల్లా పచ్చరాయి రంగే. జపాన్ పైలట్ కంపెనీ 'ఇరోషిజుకు' వరసలో 'కుజాకు' అనే ఇంకు ఉంది. కుజాకు అంటే నెమలి. నెమలికంఠం అనగానే మన కళ్ల ముందు ఆడే నిండు నీలాన్ని ఆశించి కొన్నవారికి ఆకుపచ్చ కలిసిన నీలం ఎదురవుతుంది. ఫౌంటెన్ పెన్ను ప్రియుల్లో ఈ రకం ఫిర్యాదు పాతదే. కానీ వాళ్లు తప్పుడు పేర్ల మీద కేసు పెడుతున్నారని నా అభిప్రాయం. చంద్రధూళి వల్ల ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం లేదు. నష్టం చేసేవి ఏ అలంకారమూ లేకుండా ఉన్నదున్నట్టు చెబుతున్నట్టే ఉండే పేర్లు: బ్లూబ్లాక్, పర్మనెంట్, రాయల్ బ్లూ.

అలంకారపు పేర్లు మనకు కొత్త కాదు. చీరల్లో ఉల్లిపొర రంగు, వంకాయ రంగు, చిలకపచ్చ ఉండనే ఉన్నాయి. అయితే కొట్లో మడత విప్పించి, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతుర్లో చూసుకుంటే గానీ ఎవరూ డబ్బు తియ్యరు. ఇంకు విషయంలో ఆ వీలు లేదు. సీసాలో చిక్కగా ఉన్నప్పుడు ఊదా, నీలం, ముదురు ఆకుపచ్చ అన్నీ ఇంచుమించు నల్లగానే కనిపిస్తాయి. అట్టపెట్టె మీది ముద్ర, ఫోన్ తెర మీది బొమ్మ నమ్మదగినవి కావు. అయినా చంద్రధూళి కొనేవాడికి తాను ఊహను కొంటున్నానని తెలుసు. ఛాయ నచ్చకపోతే ఇంకో సీసా కొంటాడు, మరీ విసుగొస్తే స్నేహితుడికి అంటగడతాడు. బ్లూబ్లాక్ కొనేవాడు అలా కాదు. ఒక పని జరగాలని కొంటున్నాడు. ఆ పని జరగలేదన్న సంగతి పదేళ్ల తర్వాత కాగితం తడిసినప్పుడు గానీ బయటపడకపోవచ్చు.

బ్లూబ్లాక్ అంటే నీలమూ నలుపూ కలిపిన రంగు అని ఇవాళ చాలామంది అనుకుంటారు. మొదట్లో ఆ పేరు చెప్పింది రంగు గురించి కాదు, ఇంకు ప్రవర్తన గురించి. కవి కీట్స్‌తో కలిసి వైద్యం చదివిన హెన్రీ స్టీఫెన్స్ 1832లో లండన్‌లో అమ్మకానికి పెట్టిన బ్లూబ్లాక్ సిరా ఆరాక నల్లబడే రకం. మాచికాయ వంటి వాటిలోని టానిన్‌నూ అన్నభేదినీ నీటిలో కలిపితే వచ్చే ద్రవం మొదట చాలా లేత రంగులో ఉంటుంది. రాస్తున్నది కంటికి ఆనాలి కాబట్టి అందులో నీలి రంగు కలుపుతారు. కాగితం మీద పడ్డాక గాలి తగిలి ఇనుము ఆక్సీకరణం చెందుతుంది. టానిన్‌తో కలిసి నీటిలో కరగని నల్లటి పదార్థమై నారలోకి దిగిపోతుంది. రాసేటప్పుడు నీలం, ఆరి నిలిచేసరికి నలుపు. పేరు చెప్పింది ఈ క్రమాన్నే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేదీ ఇదే రసాయనంతో. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో ఊరబెట్టిన ద్రవం కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది, ఉతికినా పోదు. ఇంగ్లండ్‌లో జనన, మరణ, వివాహ రిజిస్టర్లకు ఇలాంటి ఇనుప సిరానే ప్రత్యేకంగా వాడుతూ వచ్చారు. కాలక్రమంలో చాలా కంపెనీలు ఇనుమును వదిలేశాయి. అందుకు కారణం ఉంది. ఈ సిరాకు ఆమ్లగుణం ఎక్కువ, నాసిరకం ఉక్కు పాళీని తినేస్తుంది, వాడకుండా వదిలేస్తే పెన్నులో మడ్డి కడుతుంది. ఇనుము తీసేసినందుకు వాళ్లను తప్పుపట్టలేం. ఇనుము పోయాక కూడా అదే పేరును అట్టిపెట్టుకోవడమే తప్పు. పెలికాన్ 4001 బ్లూబ్లాక్‌లో, ప్లాటినం బ్లూబ్లాక్‌లో ఇనుము ఇంకా ఉంది. బజారులో దొరికే బ్లూబ్లాక్‌లలో ఎక్కువ భాగం వట్టి రంగుల మిశ్రమాలు. అవి ఆరినా నల్లబడవు, నీళ్లు పడితే చాలావరకు కొట్టుకుపోతాయి. ఈ రెండు రకాల సీసాలూ అల్మరాలో పక్కపక్కనే ఒకే పేరుతో కూర్చుంటాయి.

మిగతా రెండు పేర్ల సంగతీ అంతే. 1931లో పార్కర్ కంపెనీ తెచ్చిన క్వింక్ సీసాలు పర్మనెంట్, వాషబుల్ అన్న రెండు మాటలకు విస్తృత ప్రచారం కల్పించాయి. ఏ విషయంలో శాశ్వతం అన్నది ఆ ఒక్క మాట చెప్పదు. నీటికి నిలిచేది ఎండకు నిలవకపోవచ్చు, ఎండకు నిలిచేది నీళ్లలో కరగవచ్చు. రాయల్ బ్లూ పేరులో రాజసం ఉంది గానీ, ఆ పేరుతో వచ్చే చాలా ఇంకులు మాయిపోవడానికే తయారైనవి. జర్మనీ బడిపిల్లలు తప్పు రాస్తే ఒక రసాయనపు పెన్నుతో దాని మీద గీస్తారు, నీలి అక్షరం మాయమవుతుంది. అక్కడ అది లోపం కాదు, కావాలని పెట్టుకున్న గుణం. అదే ఇంకుతో ఎవరైనా రసీదు రాస్తే అప్పుడది లోపం. చాలా నల్ల ఇంకులు కూడా ఒట్టి నలుపు కావు. వడపోత కాగితం మీద చుక్క పెట్టి చివర తడిపితే అందులోంచి వేర్వేరు రంగులు విడిపోతాయని బడిలో చేసే సైన్సు ప్రయోగం చెబుతూనే ఉంది. ఉన్నంతలో నిజాయతీ గల పేరు ప్లాటినం వారి 'కార్బన్ బ్లాక్'. కార్బన్ అన్నారు, సీసాలో కార్బన్ ఉంది!

రంగు కాగితాన్ని బట్టి, పాళీని బట్టి మారుతుంది, ఇక కచ్చితమైన పేరు ఎలా సాధ్యం అని కంపెనీల తరఫున ఒక వాదన ఉంది. అందులో సగం నిజం. సన్న పాళీతో లేతగా కనిపించే ఇంకు వెడల్పు పాళీతో ముదురుగా కనిపిస్తుంది. పీల్చే నోటుపుస్తకంలో చప్పబడే నీలం నున్నని కాగితం మీద ఎర్రగా మెరుస్తుంది. పెన్నులో నెలల తరబడి ఉంటే నీరు ఆవిరై చిక్కబడుతుంది. కానీ మారేది ఛాయ. ఇంకు ఇనుపదా, రంగు కరిగించినదా, పిగ్మెంట్‌దా (కరగని రంగుపొడిదా) అన్న జాతి ఏ కాగితం మీదా మారదు. చిత్రకారుల రంగులు కూడా గుడ్డను బట్టి, పూతను బట్టి మారేవే. అయినా ఆ గొట్టాల మీద పిగ్మెంట్ సంకేతం అచ్చవుతుంది: పీబీ 28 అంటే కోబాల్ట్ బ్లూ, పీబీ 29 అంటే అల్ట్రామెరీన్. ఖరీదైన కోబాల్ట్ బదులు వేరే పిగ్మెంట్లతో ఆ ఛాయ తెప్పిస్తే పేరు చివర 'హ్యూ' అని చేరుస్తారు. ఆ ఒక్క మాటతో కొనేవాడికి విషయం అర్థమవుతుంది. ఎండకు ఎంత నిలుస్తుందో కూడా గొట్టం మీదే ఉంటుంది. ఇన్ని చెప్పినంత మాత్రాన ఏ రంగుల కంపెనీ రహస్యమూ బయటపడలేదు. కాబట్టి ఫార్ములా వ్యాపార రహస్యం అన్న సాకు ఇంకు కంపెనీలకు చెల్లదు. వంటకం చెప్పమని ఎవరూ అడగడం లేదు, శాకాహారమో మాంసాహారమో చెప్పమంటున్నారు.

ఫౌంటెన్ పెన్ను వాడేదే కొద్దిమంది, వాళ్ల కోసం ఇంత హడావుడా అని కూడా అనవచ్చు. సరిగ్గా ఆ కొద్దిమందే సంతకానికి, దస్తావేజుకు, డైరీకి దాన్ని వాడుతున్నారు. రోజువారీ రాత బాల్‌పెన్నుకు పోయాక, నిలవాలనుకునే రాతే ఫౌంటెన్ పెన్నుకు ఎక్కువగా మిగిలింది. బాల్‌పెన్నుకు దస్తావేజుల కోసం ఐఎస్‌ఓ 12757-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఫౌంటెన్ పెన్ను ఇంకులకు మన దేశంలోనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. 0.1 శాతం ఇనుము ఉండే సిరాకు ఐఎస్ 220, రంగు కరిగించిన ఇంకులకు ఐఎస్ 1221. అంటే జాతుల విభజన కాగితాల్లో ఏనాడో జరిగిపోయింది. సీసా మీదికి రావడమే తరువాయి.

అందుకని పేర్లు మార్చమని నేను అడగను. చంద్రధూళి చంద్రధూళిగానే ఉండనివ్వండి. పేరు కింద చిన్న అక్షరాలతో మూడు సంగతులు అచ్చువేస్తే చాలు: ఇంకు ఏ జాతిది, ఆరాక నీటికి నిలుస్తుందా, ఎండకు నిలుస్తుందా. పెట్టె మీద యంత్రపు ముద్ర బదులు అదే ఇంకుతో గీసిన గీత ఒకటి అతికిస్తే ఛాయ తగవు కూడా చాలావరకు తీరుతుంది. దీన్ని ముందుగా మన దేశపు కంపెనీలే మొదలుపెట్టాలి. రాజమండ్రి రత్నం పెన్నులను చేతికి తగ్గట్టు చేయించుకునే దేశంలో, అందులో పోసే ఇంకు ఏమిటో తెలియకపోవడం బాగుండదు. అంతవరకూ ఇంటి పత్రం మీదో వీలునామా మీదో సంతకానికి పేరు చూసి ఇంకు ఎంచుకోకండి. మీరు వాడే కాగితం మీదే ఒక గీత గీసి రాత్రంతా ఆరనివ్వండి, పొద్దున్నే దాని మీద నీటిచుక్క వేయండి. గీత చెదిరితే ఆ సంతకానికి దస్తావేజుల ప్రమాణం ఉన్న బాల్‌పెన్నే మేలు.