ఎకరమా, కుటుంబమా?

సిద్దిపేట జిల్లా చింతమడక పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది అది కె.చంద్రశేఖర రావు పుట్టిన ఊరు కావడం వల్ల. ముఖ్యమంత్రి హోదాలో 2019 జులై 22న ఆయన ఆ ఊరికి వెళ్లి, కుటుంబానికి పది లక్షల రూపాయల చొప్పున లబ్ధి చేకూరుస్తామని ప్రకటించారు. సుమారు రెండు వేల కుటుంబాలు, రెండు వందల కోట్ల రూపాయలు. సొంత ఊరి మీద మమకారమని కొందరు మురిశారు, మిగతా ఊళ్లు చేసిన పాపమేమిటని మరికొందరు నిలదీశారు. ఈ వాదులాటలో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడింది. ఆనాడు ప్రభుత్వం లెక్కకు తీసుకున్నది కుటుంబాన్ని, ఎకరాన్ని కాదు. భూమి ఉన్న ఇల్లూ, లేని ఇల్లూ ఒకే పద్దులోకి వచ్చాయి.

తెలంగాణ పల్లెలో ఇది అరుదైన విషయం. అంతకు ముందు ఏడాది, 2018 మే 10న మొదలైన రైతుబంధు కొలమానం ఎకరం. పంటకు ఎకరానికి నాలుగు వేలు, తరువాత ఐదు వేలు. ఇరవై ఎకరాల ఆసామికి ఏడాదికి రెండు లక్షలు, ఎకరమున్న వానికి పది వేలు, ఆ ఇద్దరి పొలాల్లోనూ నాట్లు వేసిన కూలితల్లికి సున్న. ఆసామి పట్నంలో ఉండి భూమిని కౌలుకిచ్చినా డబ్బు పట్టా ఉన్నవాని ఖాతాలోనే పడుతుంది, పెట్టుబడి పెట్టి సేద్యం చేసే కౌలుదారుకు పడదు. భూమి ఏ కులాల చేతుల్లో ఉన్నదో తెలిసిన వారికి ఈ సాయం ఎటు ప్రవహించిందో వేరుగా చెప్పనక్కర లేదు. పథకం రాసిన చేతికి కులద్వేషం ఉండనక్కర లేదు. ఎకరాన్ని కొలబద్దగా ఎంచుకుంటే చాలు, మిగతా పని ఊరి చరిత్రే చేసిపెడుతుంది.

నీళ్ల సంగతీ అంతే. చందలాపూర్ వద్ద మూడు టీఎంసీల రంగనాయకసాగర్ 2020 ఏప్రిల్‌లో నిండింది. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. బోరుబావుల మీద బతికి, అప్పులపాలై, ఆత్మహత్యలు చూసిన నేలకు నీళ్లు రావడం చిన్న విషయమేమీ కాదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ కుంగిన తరువాత ఆ నీళ్ల ఖరీదు మీద రేగిన ప్రశ్నలు వేరే చర్చ. ఇక్కడి ప్రశ్న అంతకంటే సూటిది: నీళ్లు వచ్చిన చోట భూమి ధర పెరిగింది. ఉన్నవానికి అది ఆస్తి. కొనుక్కోవాలనుకున్న కూలీకి భూమి ఇంకొంత దూరం జరగడం.

ముంపు ఊళ్ల కథ కూడా గుర్తుంచుకోదగినది. భూసేకరణకు 2015లో తెచ్చిన 123వ నంబరు జీవోలో భూమి అమ్మేవారికి ధర ఉన్నది కానీ, ఆ భూమి మీద కూలి చేసి బతికేవారికి చోటు లేదు. 2013 నాటి కేంద్ర చట్టం భూమిలేని కూలీలను సైతం బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కూలీలే కోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టివేశాకే కూలీలకు కూడా పరిహారం ఇస్తామంటూ ప్రభుత్వం హడావుడిగా కొత్త ఉత్తర్వులు తెచ్చింది. మునిగిన వానికి పట్టా లేకపోతే మునిగినట్టే కాదన్నది అప్పటిదాకా లెక్క.

చెరువు దగ్గరకు వస్తే ఈ లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది. పూడిక తీయించే ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని తోలుకుపోయే ఖర్చు రైతుది. చెరువుమట్టి ఎరువు కంటే మేలైనదని మన పెద్దలకు తెలుసు. పర్యావరణం దృష్టితో చూసినా ఇంతకంటే సొగసైన పని లేదు. అయితే పొలం లేనివాడు ఆ మట్టిని ఎక్కడ పోసుకోవాలి? ఎండాకాలంలో శిఖం భూమిలో మేకలు మేపుకొన్నవారూ, తుంగ కోసుకొన్నవారూ, కూరగాయలు పెట్టుకొన్నవారూ ప్రాజెక్టు నివేదికల్లో కనిపించరు. తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత పారాలో కాపు కాసిన నీరటి పని చాలా ఊళ్లలో దళితులదే. అర్ధరాత్రి వాన పడితే మత్తడి దగ్గరకు పరుగెత్తినది ఆ మనిషే. ఆ జ్ఞానం ఇంజనీరింగ్ శాఖ రాకతో అవసరం లేనిదైంది. కులం కట్టబెట్టిన వెట్టి పోవడం మంచిదే, దాన్ని తలచుకొని కన్నీరు పెట్టనక్కర లేదు. కానీ వెట్టి పోయినప్పుడు దానితో పాటు రావలసిన నీటి హక్కు రాలేదు. ఆయకట్టు సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవానిదే. ముదిరాజ్, గంగపుత్ర సంఘాలకు చేపల మీద హక్కయినా ఉన్నది. నీరటివాని బిడ్డలకు ఆ చెరువు మీద ఏమున్నది?

చింతమడకలో ప్రకటించిన పది లక్షల అంకెనే రెండేళ్ల తరువాత దళితబంధు అందుకున్నది. 2014 ఆగస్టు 15న ఆర్భాటంగా మొదలైన మూడెకరాల భూపంపిణీ మెల్లగా చప్పబడి, దాని స్థానంలోకి నగదు వచ్చింది. ఈ మార్పును ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. పది లక్షలతో కారో, ట్రాక్టరో, కోత మిషనో వస్తుంది. అవి మరొకరి పొలంలో, మరొకరి సరుకు కోసం తిరగవలసినవే. పైగా వరికోత మిషన్ దిగిన పొలంలో పని పోయేది మొదట దళిత, వెనుకబడిన కులాల స్త్రీలకు. నగదు కూడదని కాదు, భూమికి అది బదులు కాజాలదు. ఇచ్చిన అసైన్డ్ భూములను సైతం ఊరి అవసరాల పేరిట వెనక్కి తీసుకోజూసే చోట ఈ మాట మరీ నిజం.

ప్రభుత్వం మారింది. 2025 జనవరి 26 నుంచి రైతుభరోసా ఎకరానికి ఏడాదికి పన్నెండు వేలు. భూమిలేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద కూడా ఏడాదికి పన్నెండు వేలే. భూమిలేని వారిని గుర్తించడం ముందడుగే, ఒప్పుకోవాలి. కానీ ఒక కూలీ కుటుంబం మొత్తం ఒక్క ఎకరానికి సమానమని ప్రభుత్వమే ధర కట్టింది. పైగా ఉపాధి హామీలో ఇరవై రోజుల పని చేసి ఉండాలని, సెంటు భూమి కూడా ఉండకూడదని షరతు. పది గుంటలున్న దళిత కుటుంబానికి రైతుభరోసా కింద ఏడాదికి వచ్చేది మూడు వేలు. ఆ పది గుంటలే లేకపోతే పన్నెండు వేలు వచ్చేవి. అరెకరం లోపు వారిని కూలీ కుటుంబాలుగానే లెక్కించి తేడా సొమ్ము చెల్లించడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. కౌలుదారుల పేర్లు గ్రామసభలో చదివి నమోదు చేయడానికి 2011 నాటి సాగుదారుల చట్టం ఉండనే ఉన్నది. ఆయకట్టు సంఘాల్లో భూమిలేని కులాలకు ఓటు కావాలంటే మాత్రం శాసనసభ కూర్చోవలసిందే.