చేతిఫోను డెసిబెల్లు: మాండలిక పరిశోధనలో కొలత ప్రామాణికత

రాయలసీమ మాట గట్టిది, పరుషమైనది అన్న అభిప్రాయం చాలా పాతది. అది వినేవారి అలవాటులో పుట్టిన అభిప్రాయమే తప్ప భాషాశాస్త్ర నిర్ధారణ కాదు. చేతిఫోను యాప్ చూపే డెసిబెల్ అంకె పరిశోధన వ్యాసంలో పట్టికగా మారినప్పుడు ఆ పూర్వాభిప్రాయమే శాస్త్రంగా చలామణీ అయ్యే ప్రమాదం ఉంది. కొలిచిన తీరు చెప్పని అంకెను సాక్ష్యంగా అంగీకరించరాదని తెలుగు శాఖలు, పరిశోధన పత్రికలు నిష్కర్షగా నిర్ణయించుకోవాలి.

చంద్రగిరి రైతు మాటను, మరో జిల్లా ఉపాధ్యాయుని మాటను ఒకే ఫోనుతో నమోదు చేసి తీవ్రతలు పోల్చిన సందర్భాన్ని ఊహించవచ్చు. డెసిబెల్ అనేది 20 మైక్రోపాస్కల్‌ల పీడనాన్ని ఆధారంగా తీసుకొన్న నిష్పత్తి. ఆ ఆధారం ఫోను మైక్రోఫోనుకు తనంతట తెలియదు. ప్రామాణిక పరికరంతో సరిచూడనంతవరకు యాప్ చూపేది అంచనా మాత్రమే. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ఫైఫాక్స్ యాప్‌లో సైతం తీవ్రతను కొలిచే ముందు సరిచూపు అవసరం. యాప్ తయారుచేసినవారు పాటించిన ఈ జాగ్రత్తను పరిశోధకుడు విస్మరించడం సమర్థనీయం కాదు. పైగా బయలులో దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఫోను రైతు నోటికి 25 సెంటీమీటర్ల దూరంలో, ఉపాధ్యాయుని నోటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఇద్దరూ సమానంగా మాట్లాడినా రైతు మాటే గట్టిదని తేలుతుంది. అక్కడ కొలతకు వచ్చింది మాండలికం కాదు, ఫోను పట్టుకొన్న దూరం.

వర్ణాల విషయంలో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. 'శనివారం' 'సనివారం'గా వినిపించడం మాండలిక పరిశీలకులకు పరిచితమే. సకారపు శక్తి ప్రధానంగా 4000 హెర్ట్జ్‌కు పైన కేంద్రీకృతమవుతుంది. శకారపు శక్తి అంతకు దిగువనే మొదలవుతుంది. సంప్రదాయ టెలిఫోను మార్గం 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోస్తుంది. అలాంటి కాల్ రికార్డింగును ఆధారం చేసుకొని శ, స ల విలీనాన్ని నిరూపించబూనడం వక్త నోటిని వదిలి టెలిఫోనును పరీక్షించడమే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) గుర్తించిన దంత్య తాలవ్య చజల భేదానికీ ఇదే ముప్పు ఉంది.

ఈ దోషాలను చూపి ఫోనునే పరిశోధన నుంచి వెలివేయాలనే పూర్వపక్షమూ నిలవదు. కాలపరిమాణానికి, శ్రుతికి మైక్రోఫోను సున్నితత్వంతో అంతగా పని లేదు. చిత్తూరు ప్రాంతపు మహాభారత ఉత్సవాల్లో వీధినాటక నటుడు పద్యాన్ని ఏ శ్రుతిలో ఎత్తుకొన్నాడో, రాగాన్ని ఎంతసేపు సాగదీశాడో ఫోను రికార్డింగు తగినంత కచ్చితంగా చూపగలదు. హ్రస్వదీర్ఘాల నిడివిని చెవి అంచనాకు వదిలివేయక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన ప్రాట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తున్నది. ప్రయోగశాల లేని కళాశాల విద్యార్థికి ఇది అందివచ్చిన అవకాశం.

నియమాలు పెడితే అటువంటి విద్యార్థే నష్టపోతాడన్న ఆక్షేపణ రావచ్చు. కాని కావలసిన నియమాలకు ఖర్చు లేదు. ఫోను మోడల్, యాప్ పేరు, సాంప్లింగ్ రేటు, ఫైలు రకం, నోటికీ ఫోనుకూ మధ్య దూరం, రికార్డు చేసిన చోటు స్వభావం వ్యాసంలో పేర్కొంటే చాలు. దూరం కొలవడానికి టేపు సరిపోతుంది. కుదించని మూల ధ్వనిఫైలును, వక్త అనుమతితో, శాఖలో భద్రపరచాలి. వాట్సాప్ వాయిస్ నోటు దానికి ప్రత్యామ్నాయం కాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం నేటికీ ప్రమాణంగా నిలవడానికి ఒక కారణం, ఏ మాట ఏ ప్రాంతానిదో అందులో కనిపించడం. పదసేకరణలో తెలుగు పరిశోధన అలవరచుకొన్న ఆ క్రమశిక్షణను ధ్వనిసేకరణలో సడలించడానికి కారణం లేదు. నేడు చంద్రగిరిలో ఒక వృద్ధురాలి మాటను అస్తవ్యస్తంగా రికార్డు చేసి, అంకె రాసుకొని, ఫైలు చెరిపివేస్తే, రేపు ఆ నిర్ణయాన్ని పరీక్షించడానికి ఆమె గొంతు ఉండదు. మూల ధ్వని, కొలత వివరాలు లేని వ్యాసాన్ని సమీక్షకులు తిప్పి పంపడం ఇక సంప్రదాయం కావాలి.