పూడిక మనం తీస్తాం, శిథిలాలు ఎవరు తీస్తారు?

వేసవిలో చెరువు ఎండితే ఒండ్రుమట్టిని ట్రాక్టరుకెత్తి చేలో తోలుకోవడం మనకు తాతల నాటి అలవాటు. చెరువు లోతవుతుంది, చేనుకు సత్తువ వస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఇప్పుడు ట్రాక్టర్లు ఎదురు దారిన నడుస్తున్నాయి. కూల్చిన ఇళ్ల గోడ పెళ్లలు, కాంక్రీటు ముక్కలు, పగిలిన టైల్సు రాత్రికి రాత్రే చెరువుల్లోకి, వాగు గట్ల మీదికి చేరుతున్నాయి. ఈ సరుకును ఏ రైతూ పొలానికి తోలుకోడు. పడింది పడినట్టే ఉంటుంది.

లెక్క చూడండి. ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు అనుకుంటే, ఒక్క ట్రక్కుతో 3 వేల లీటర్ల నీరు నిలిచే చోటు పోతుంది. రోజుకు 10 ట్రక్కులు పడితే నెలకు 9 లక్షల లీటర్లు.

మనది మెట్ట. సాగర్ ఎడమ కాలువకు చివరి ఆయకట్టు. కాలువ నీరు అందని ఏడాది పత్తికీ మిర్చికీ చెరువులు, వాటి ఊటతో నిలిచే బావులు, బోర్లే దిక్కు. 2024 సెప్టెంబరులో మునేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారిని ముంచింది. గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతింది. ఆ వరద కుండపోత వానల వల్ల వచ్చింది, నిజమే. అయితే నీరు ఆగే చోటునూ పోయే దారినీ మనమే పూడిస్తే, రేపు అంతకన్నా చిన్న వానకే పొలాలు మునుగుతాయి.

చట్టాలు లేక కాదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం తవ్విన చెరువులను తమ పరిధిలోంచి తప్పించాయి. అందుచేత మన చెరువులకు వేరే అండ వెతుక్కోవాలి. 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సాగునీటి వ్యవస్థకు అడ్డు కలిగించడం నేరమని 1997 నాటి నీటి సంఘాల చట్టం చెబుతోంది. భవన వ్యర్థాల బాధ్యత వాటిని పుట్టించినవారిదేనని, సేకరణ ఏర్పాటు పురపాలక సంస్థలదని 2016లోనే కేంద్రం నిబంధనలు చేసింది.

ట్రాక్టరు డ్రైవరును పట్టుకుని జరిమానా రాస్తే సరిపోదు. అతనికి సరుకు అప్పగించిన యజమానినీ, కాంట్రాక్టరునూ అడగాలి. దింపడానికి చోటు చూపకుండా 'ఇక్కడ వేయొద్దు' అంటే, ఇంకో చెరువు వెతుక్కుంటారు.

కనుక సంఘం కోరేది ఇది. రెండు పట్టణాల్లోనూ వ్యర్థాలు దింపే స్థలాలను వెంటనే ప్రకటించాలి. వాటిని పొడి చేసి రోడ్ల అడుగు పొరలకు వాడాలి. చెరువుల హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. పోసినవారి ఖర్చుతోనే ఎత్తివేయించాలి.

మన వంతు కూడా ఉంది. రోడ్డు పక్క పల్లపు చేను ప్లాట్లకు పనికొస్తుందని శిథిలాలతో మెరక చేయించేవారు మనలోనూ ఉన్నారు. పై చేను నీరు కిందికి పోయే దారి అక్కడే మూసుకుపోతోంది. 2024 డిసెంబరులో ఎన్నికైన నీటి సంఘాలు తొలకరికి ముందే ప్రతి తూమునూ, అలుగునూ, వాగునూ నడిచి చూడాలి. శిథిలాలు కనిపిస్తే ఫొటో తీసి, తేదీ వేసి, తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి.